పొలానికి పచ్చని కంచె: రాయ్‌పూర్ నేలల్లో తవ్వకం నుంచి మూడో ఏడు దాకా

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్ చుట్టుపక్కల వరి కోతలు నవంబరు, డిసెంబరు నెలల్లో ముగుస్తాయి. పంట ఇంటికి చేరగానే ఊరి పశువుల మెడలో పలుపు కూడా ఊడుతుంది. మళ్లీ తొలకరి దాకా ఆవులు, ఎద్దులు, మేకలు ఏ పొలంలోకైనా స్వేచ్ఛగా వెళ్లి మేస్తాయి. అందరూ ఒక్క ఖరీఫ్ వరి మాత్రమే పండించినంత కాలం దీనివల్ల ఎవరికీ నష్టం లేదు. మోళ్లు పశువులకు మేతయ్యాయి, పేడ పొలానికి ఎరువైంది. చిక్కంతా రెండో పంట వేయాలనుకున్న రైతుకే.

ఆ ప్రాంతంలో ‘ఉతేరా’ అనే పాత పద్ధతి ఒకటి ఉంది. వరి కోతకు రెండు మూడు వారాల ముందే, నేలలో తడి ఉండగానే, నిలబడి ఉన్న పైరులో తివడా (లంక పప్పు), అవిసె, శనగ వంటి విత్తనాలు చల్లుతారు. వరి కోసేసరికి అవి మొలిచి ఉంటాయి. దున్నకం లేదు, నీరు పెట్టే పని లేదు. కృష్ణా, గుంటూరు డెల్టా మాగాణుల్లో వరి కోతకు ముందు మినుము, పెసర చల్లే రైతులకు ఈ లెక్క చెప్పనక్కర లేదు. అయితే ఉతేరా పైరు జానెడు ఎత్తుకు వచ్చే సమయమే పశువులను వదిలే సమయం. పది పశువులు ఒక్క రాత్రి పొలంలో పడితే చాలు, పప్పు గింజ మిగలదు. ఈ భయంతోనే చాలామంది రెండో పంట మానేస్తారు. నేలలో తడి ఉన్నా, విత్తనం ఉన్నా, కంచె లేక భూమి ఆరు నెలలు బీడు పడుతుంది.

దీనికి ఊరు మొత్తం కలిసి చేసుకునే కట్టుబాటు ఒకటి ఉంది. దాన్ని ‘రోకా-ఛేకా’ అంటారు. పైరు ఉన్నంత కాలం పశువులను ఎవరూ వదలకూడదని ఊరందరూ కూర్చుని మాట అనుకోవడమే అది. 2020 జూన్‌లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఈ ఆచారాన్ని రాష్ట్రమంతటా తిరిగి అమలులోకి తేవాలని పూనుకుంది. కట్టుబాటు గట్టిగా ఉన్న ఊళ్లో కంచె అవసరం తగ్గుతుంది. అది సడలిన చోట రైతు ముందు మూడు దారులు ఉంటాయి: సిమెంటు స్తంభాలు నాటి ముళ్లతీగ లాగడం, ఏటా ఎండు కంప నరికి దడి కట్టడం, లేదా మొక్కలతో కంచె పెంచడం. నాలుగోదీ ఉంది గానీ అది నేరం. రక్షణ పేరుతో, వేట కోసం అక్రమంగా లాగిన కరెంటు తీగలు ఆ రాష్ట్రంలో ఏనుగులనూ మనుషులనూ కూడా చంపాయి.

ఈ వ్యాసం మూడో దారి గురించి. మొక్కల కంచె చౌకైనది, కానీ తొందరది కాదు. కంచె అనిపించుకోవడానికి దానికి మూడేళ్లు పడుతుంది. ఆ మూడేళ్లలో మొదటి మూడు నెలల పని సరిగా జరగకపోతే తరువాత ఎంత చేసినా సందులు మిగులుతాయి.

ఉప్పు కోసం పెంచిన కంచె

పొలం కంచెకు పాఠం చెప్పగల అతి పెద్ద ప్రయోగం మన దేశంలోనే జరిగింది. అది పొలం కోసం కాదు, ఉప్పు పన్ను కోసం. సుంకం కట్టని ఉప్పు దొంగచాటుగా రాకుండా బ్రిటిష్ ప్రభుత్వం పందొమ్మిదో శతాబ్దంలో పంజాబు నుంచి మహానది దాకా ఒక కస్టమ్స్ గీత గీసింది. దాని పొడవు 2,500 మైళ్లకు చేరింది. ఆ గీతలో పెద్ద భాగం, పంజాబులోని లయ్యా నుంచి నేటి మధ్యప్రదేశ్‌లోని బుర్హాన్‌పూర్ వరకు, ముళ్లకంచె.

మొదట్లో అది ఎండు కంప. 1867లో ఆ శాఖ కమిషనరుగా వచ్చిన అలన్ ఆక్టేవియన్ హ్యూమ్ లెక్క వేస్తే మైలు దడికి 250 టన్నుల కంప కావలసి వచ్చింది. దాన్ని చెదలు తినేవి, ఎలుకలు కొరికేవి, మంటలు మింగేవి, గాలివానలు ఎగరగొట్టేవి. చచ్చిన కంపకు ఏటా ఖర్చు పెట్టే బదులు బతికి ఉన్న మొక్కలు నాటితే మేలని హ్యూమ్ తేల్చాడు. (తరువాత 1885లో కాంగ్రెస్ స్థాపనలో ముందున్న హ్యూమ్ ఇతనే. పక్షుల శాస్త్రంలోనూ పేరున్నవాడు.) ఒక్కో నేలకు ఏ మొక్క సరిపోతుందో ప్రయోగాలు చేయించాడు. రేగు, తుమ్మ, వాక, జెముడు జాతులు ఎక్కువగా నిలిచాయి. మరేదీ బతకని ఎండు నేలల్లో నాగజెముడు, కొన్నిచోట్ల వెదురు పెట్టారు. నేల పనికిరాని చోట దాన్ని తవ్వి తీసి మంచి మట్టి నింపారు. వరద నిలిచే పల్లాల్లో కట్ట పోసి దాని మీద నాటారు. వాననీరు పట్టే కందకాలు తవ్వారు. 1878 నాటికి 411 మైళ్లకు పైగా పటిష్టమైన పచ్చి కంచె తయారైంది. కొన్నిచోట్ల అది 12 అడుగుల ఎత్తు, 14 అడుగుల మందం ఉండేది. 1879 ఏప్రిల్ 1న ఆ గీతనే ఎత్తివేశారు. కంచె పొలాల్లో, రోడ్లలో కలిసిపోయింది. రాయ్ మాక్సమ్ అనే రచయిత దాని ఆనవాళ్ల కోసం వెతుకుతూ రాసిన పుస్తకం 2001లో వచ్చింది.

పన్ను అన్యాయమైనదే. పేదవాడి గంజిలో ఉప్పును కూడా అది వదలలేదు. కానీ నేల సంగతిలో హ్యూమ్ మనుషులు నేర్చుకున్న మూడు విషయాలు ఇవాళ్టికీ చెల్లుతాయి: నేలను బట్టి మొక్క, మొక్క కంటే ముందు మట్టి, నీరు నిలిచే చోట కట్ట.

నాలుగు నేలలు, నాలుగు తీర్లు

రాయ్‌పూర్ మైదానంలో మెట్ట నుంచి పల్లానికి దిగుతుంటే నేల నాలుగు రంగుల్లో మారుతుంది. వాటికి స్థానికులు పెట్టిన పేర్లనే ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయం (రాయ్‌పూర్, 1987) శాస్త్రవేత్తలు కూడా వాడతారు.

అన్నిటికన్నా పైన ఉండేది ‘భాటా’. ఎర్రటి గులకరాళ్ల మొరం నేల. లోతు తక్కువ, నీరు నిలవదు. పలుగు వేస్తే ఖంగుమంటుంది. దాని కింద ‘మటాసీ’, పసుపు ఛాయ ఇసుక గరప. ఆ కింద ‘డోర్సా’, కొంచెం బరువైన మధ్యరకం నేల. అట్టడుగున ‘కన్హార్’, మన నల్లరేగడి లాంటిది. వానకు బంక, ఎండకు బీటలు.

భాటా నేలలో మొక్క చచ్చేది దాహంతో. వేరు దిగడానికి చోటు లేక వానాకాలమంతా పచ్చగా ఉండి, ఏప్రిల్ ఎండకు మాడిపోతుంది. ఇక్కడ కందకం తప్పనిసరి. గట్టి పొర పగిలే దాకా తవ్వి, పైన చెరువు పూడిక మట్టి కలిపి నింపాలి. ఛత్తీస్‌గఢ్ ఊళ్లలో చెరువులకు కొదవ లేదు. వేసవిలో ఎండిన చెరువు మట్టిని పొలానికి తోలుకోవడం అక్కడి అలవాటే.

కన్హార్‌లో కథ తిరగబడుతుంది. అక్కడ మొక్క చచ్చేది ఊపిరి ఆడక. వేళ్లకు కూడా ప్రాణవాయువు కావాలి. జూలై, ఆగస్టులలో రేగడి రంధ్రాలన్నీ నీటితో నిండితే కొత్త వేళ్లు కుళ్లుతాయి. ఈ నేలలో కందకం తవ్వితే అది నీటి తొట్టి అవుతుంది. కాబట్టి లోతుకు పోకుండా పైకి పోవాలి. ఇరుపక్కల మట్టిని తీసి, అడుగు నుంచి అడుగున్నర ఎత్తు కట్ట పోసి, దాని నెత్తి మీద కాక భుజం మీద నాటాలి. నెత్తి త్వరగా ఆరిపోతుంది, భుజం దగ్గర తడి నిలుస్తుంది. వేసవిలో రేగడి బీటలు వారినప్పుడు సన్న వేళ్లు తెగుతాయి. మొక్కల మొదట్లో ఆకుల పరుపు ఉంటే బీటలు తక్కువ.

మటాసీ, డోర్సాలు మధ్యేమార్గం. ఈ నేలల్లో కంచె పని సాఫీగా సాగుతుంది.

వరి గట్టు మీద కంచె వేయాలంటే ఇంకో సంగతి చూడాలి. గట్టు వెడల్పు తరచుగా ఒకటి, ఒకటిన్నర అడుగులే. దానికి ఒక పక్క నెలల తరబడి నీరు నిలుస్తుంది. దాని మీద వాక మొక్క పెట్టడం శుద్ధ దండగ. ఆ చోటు నల్లతుమ్మది. ఛత్తీస్‌గఢీలో దాన్ని ‘బంబరీ’ అంటారు. రాయ్‌పూర్ వైపు వరి పొలాల గట్ల మీద, మధ్యలోనూ తుమ్మలు పెంచడం తరాల నాటి అలవాటు. దీన్ని సంప్రదాయ వనవ్యవసాయ పద్ధతిగా వర్ణిస్తూ 2000లో పరిశోధన పత్రం కూడా వెలువడింది. తుమ్మ వేళ్ల బుడిపెల్లో ఉండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. కలప నాగళ్లకూ బండి చక్రాలకూ పనికొస్తుంది. నీడ పడిన మేర వరి దిగుబడి తగ్గడమూ నిజమే. అందుకే కొమ్మలు నరుకుతూ ఉంటారు. ఆ నరికిన కొమ్మలే ఎండు దడికి ముడిసరుకు.

ఏ మొక్క?

పశువు ఒక మొక్కను వదిలేయడానికి రెండే కారణాలు: ముల్లు, రుచి. ముల్లు దాటనివ్వదు, చేదు లేదా విషం తిననివ్వదు. మంచి కంచె మొక్కకు కనీసం ఒకటి ఉండాలి. రెండూ ఉన్నది వాక. జంట ముళ్లు, తుంచితే కారే తెల్లని పాలు, ఏడాది పొడవునా ఆకు, కింది నుంచే గుబురుగా వచ్చే కొమ్మ. పైగా కాయ. వాక్కాయ పప్పు, పచ్చడి తెలియని తెలుగిల్లు తక్కువ. మెట్టప్రాంతపు కంచెకు నేను మొదటి ఓటు దీనికే వేస్తాను. దాని లోపం ఒక్కటే, మొదటి రెండేళ్లు నత్తనడక.

రేగు (అక్కడ ‘బోయిర్’) వేగంగా పెరుగుతుంది, లోతుగా వేరు తన్నుతుంది, ఎంత నరికినా చిగురిస్తుంది. కానీ దాని లేత ఆకు మేకలకు పరమాన్నం. ముదిరాక ఫర్వాలేదు గానీ మొదటి రెండేళ్లు కాపలా కావాలి. గోరింట, వావిలి, అడ్డసరం ముల్లు లేనివి. అడ్డసరాన్ని, వావిలిని పశువులు ముట్టవు, కానీ తోసుకుని పోగలవు. ముళ్ల మొక్కల మధ్య సందులు పూడ్చడానికి ఇవి బాగుంటాయి. గచ్చకాయ తీగ ముళ్లు భయంకరమైనవి, అడవిపందిని కూడా ఆలోచింపజేస్తాయి. కాకపోతే అది పక్కవాడి పొలాన్ని కూడా కప్పేస్తుంది.

గ్లైరిసిడియాకు ముల్లు లేదు. అయినా కంచె లోపలి వరుసలో దాన్ని పెడితే ఎరువు ఇంట్లోనే తయారవుతుంది. 700 మీటర్ల గట్టు మీద అర మీటరు ఎడంతో పెంచితే, నాలుగో ఏటి నుంచి హెక్టారుకు ఏడాదికి సుమారు 30 కిలోల నత్రజని ఆకుల రూపంలో అందుతుందని హైదరాబాద్ సమీపంలోని ఇక్రిశాట్ అంచనా.

వద్దనవలసినవి కొన్ని ఉన్నాయి. ఛత్తీస్‌గఢ్‌లో చెరువు గట్ల వెంట, పొలాల చుట్టూ ఊదారంగు గంట పూలతో కనిపించే ‘బేషరం’ను తెలంగాణలో లొట్టపీసు అంటారు. కొమ్మ విరిచి గుచ్చితే చాలు, బతుకుతుంది. ఆ పేరు పెట్టిందే అందుకు. అదే సులువు దాన్ని చెరువుల్లోకి, కాలువల్లోకి పాకించింది. పశువులు తింటే విషం. లాంటానా, సర్కారు తుమ్మ కూడా ఈ కోవలోవే. నాగజెముడు సంగతి మన పెద్దలకు బాగా గుర్తు. కంచె కోసం పెంచినది దక్షిణ భారతంలో బీళ్లన్నీ ఆక్రమిస్తే, 1926లో శ్రీలంక నుంచి తెప్పించిన కోకినీల్ పురుగు దాన్ని అణచింది.

అడవి ఆముదం (జట్రోఫా) గురించి కొంచెం చెప్పాలి. 2000ల మధ్యలో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం బయోడీజిల్ కోసం దీన్ని విస్తారంగా నాటించింది. నూనె ఆశలు నెరవేరలేదు. ఇంధనం సంగతి పక్కన పెడితే, అది అంతకు ముందు నుంచే ఊళ్లలో కంచె మొక్క. పశువు వాసన కూడా చూడదు, కొమ్మ గుచ్చితే వేరు పడుతుంది. అయితే గింజలు విషపూరితం. వేరుశనగలా ఉన్నాయని పిల్లలు తిని ఆసుపత్రి పాలైన సంఘటనలు దేశంలో పలుచోట్ల జరిగాయి. బడి పక్కన, ఇంటి పెరట్లో అది తగదు.

ఒకే జాతితో మొత్తం కంచె వేయడం కంటే మూడు నాలుగు కలపడం మంచిది. ఒకదానికి తెగులు వస్తే కంచె అంతా కూలదు. పూత కూడా వేర్వేరు నెలల్లో వస్తుంది. అది తేనెటీగలకు అవసరం. పొదల్లో పట్టు పెట్టే చిన్న తేనెటీగలు ఆవాల పూత సమయానికి పొలం పక్కనే ఉంటే పరాగ సంపర్కం తేలిక.

లెక్క ముందు, తవ్వకం తరువాత

చదరంగా ఉన్న ఎకరం పొలం చుట్టుకొలత సుమారు 254 మీటర్లు. రెండు వరుసలుగా, 60 సెంటీమీటర్ల ఎడంతో నాటితే సుమారు 850 మొక్కలు కావాలి. చచ్చినవాటి స్థానంలో పెట్టడానికి పదోవంతు అదనం. 60 సెం.మీ. వెడల్పు, 45 సెం.మీ. లోతు కందకమైతే తవ్వే మట్టి దాదాపు 69 ఘనపు మీటర్లు.

అయితే మన పొలాలు చదరంగా ఎక్కడున్నాయి? అదే ఎకరం 20 మీటర్ల వెడల్పు పట్టీ అయితే చుట్టుకొలత 444 మీటర్లకు పోతుంది. పంపకాల్లో పొలం చీలిన కొద్దీ కంచె ఖర్చు పెరుగుతుంది. మరో లెక్క చూడండి. ఆనుకుని ఉన్న నాలుగు చదరపు ఎకరాలకు ఎవరికి వారు కంచె వేసుకుంటే 1,018 మీటర్లు. నలుగురూ కలిసి బయటి చుట్టు మాత్రమే వేసుకుంటే 509 మీటర్లు. సరిగ్గా సగం. మొక్కల కంచె మీటరున్నర వెడల్పుకు ఊరుతుంది కాబట్టి స్థలం లెక్కా చూడాలి. ఒంటరి ఎకరంలో అది 9 శాతానికి పైగా నేలను తింటుంది. నలుగురు కలిస్తే ఒక్కొక్కరి వాటా 5 శాతం లోపే. కాబట్టి పలుగు పట్టే ముందు పొరుగు రైతుతో మాట్లాడటమే అసలు పని. హద్దు రాళ్లు సరిచూసుకోవడం కూడా అప్పుడే. ముళ్ల మొక్క ఒకసారి వేరు తన్నాక హద్దు జరపడం ఎవరి తరమూ కాదు.

నారు ఏడాది ముందే మొదలవుతుంది. వాక్కాయలు వానాకాలంలో పండుతాయి. వాటి గింజకు నిల్వ గుణం తక్కువ. పండు గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి, ఆగస్టు, సెప్టెంబరుల్లో వెంటనే సంచుల్లో విత్తాలి. ఆ నారు వచ్చే ఏటి తొలకరికి నాటడానికి సిద్ధమవుతుంది. రేగు టెంకలను ఉప్పునీటిలో వేస్తే తేలేవి తాలువి, మునిగినవి మంచివి. టెంకను మెల్లగా పగలగొట్టి గింజ తీసి విత్తితే నెలల ఆలస్యం తప్పుతుంది. తుమ్మ గింజ పైపెంకు గట్టిది, నీరు లోపలికి పోనివ్వదు. దానికి రైతుల చిట్కా మేకల దొడ్డి. కాయలు తిన్న మేక కడుపులో పెంకు మెత్తబడుతుంది, నెమరు వేస్తూ ఉమ్మిన గింజలు, పెంటికల్లో దొరికినవి ఏరి విత్తుతారు. మేకలు లేకపోతే వేడినీళ్లు పోసి రాత్రంతా నానబెట్టాలి.

తవ్వకం ఏప్రిల్, మే నెలల్లో. రాయ్‌పూర్ ఎండ 42 డిగ్రీలు దాటే రోజులవి. అదే ఎండ ఇక్కడ పనిచేస్తుంది. తవ్విన కందకాన్ని మూడు నాలుగు వారాలు అలా వదిలేస్తే తుంగ గడ్డలు, గరిక వేళ్లు చాలావరకు ఎండిపోతాయి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, కొత్త కంచెను పశువుల కంటే ఎక్కువగా చంపేది గరికే. గరిక వేళ్లు పైపైన చాపలా అల్లుకుని, చిరుజల్లు నీటిని మొక్కకు చేరకముందే తాగేస్తాయి. పై మట్టిని ఒక పక్కకు, కింది మట్టిని మరో పక్కకు వేయాలి. నింపేటప్పుడు పై మట్టి అడుగుకు పోవాలి, ఎందుకంటే సారం ఉన్నది అందులోనే, వేరు దిగేదీ అక్కడికే.

ఎరువు బాగా చివికి ఉండాలి. పచ్చి పేడ, సగం కుళ్లిన పెంట వేస్తే చెదలకు విందు పెట్టినట్టే. భాటా నేలల్లో చెదలు అసలే ఎక్కువ. వేపపిండి కలపడం మంచిది. కందకాన్ని నేల మట్టానికి నాలుగు వేళ్లు పైకి నింపాలి, మొదటి వానకు మట్టి కుంగుతుంది.

నాటు

రుతుపవనాలు రాయ్‌పూర్‌కు జూన్ మధ్యలో చేరతాయి. ఏడాది వాన 1,200 మిల్లీమీటర్లకు అటూ ఇటూ, అందులో అధికభాగం సెప్టెంబరు లోపే. మొదటి జల్లుకే నాటకూడదు. ఆ తరువాత పది రోజులు ఎండ కాస్తే నారు వాడిపోతుంది. కందకం నిండా తడిసి, జానెడు లోతున పిడికిట పట్టిన మట్టి ఉండ కట్టినప్పుడు నాటాలి. జూన్ చివరి నుంచి జూలై మూడో వారం దాకా అదును. ఆలస్యమైతే వేళ్లు లోతుకు దిగే సమయం చాలదు, ఆ లోటు ఏప్రిల్‌లో బయటపడుతుంది.

వరుసల మధ్య 30 నుంచి 40 సెం.మీ. దూరం, మొక్కలు ఎదురెదురుగా కాక జిగ్‌జాగ్‌గా. ఒక వరుసలోని సందుకు ఎదురుగా మరో వరుసలో మొక్క వస్తుంది. సంచిని పూర్తిగా తీసేయాలి. సంచి అడుగున వేళ్లు గుండ్రంగా చుట్టుకుని ఉంటే ఆ చుట్టను కత్తితో కోయాలి, లేకపోతే వేరు ఆ సుడిలోనే తిరుగుతుంది, లోతుకు పోదు. మొక్క నారు సంచిలో ఎంత లోతున ఉందో అంతే లోతున ఉండాలి. మొదలు చుట్టూ మట్టిని మడమతో నొక్కితే గాలి సందులు పోతాయి.

నేలపై పరుపుగా వరిగడ్డి వేయాలని చాలామందికి తోస్తుంది. దయచేసి వద్దు. గడ్డి కోసం వచ్చిన ఆవు మొక్కను తొక్కి వెళుతుంది. కానుగ, టేకు ఆకులు మేలు. భాటా నేలలో గులకరాళ్లు కూడా సరిపోతాయి, అవి ఆవిరిని ఆపుతాయి, ఎలాగూ తవ్వకంలో వచ్చాయి.

ఇక అసలు విడ్డూరం. కంచెకు కంచె కావాలి. కంచె అవసరమే పశువుల వల్ల, పశువులు మొదట తినేది లేత కంచెనే. మొదటి రెండు వేసవులు బయటి పక్కన ఎండు కంప దడి తప్పదు. గట్టు మీది తుమ్మ కొమ్మలు ఇక్కడ పనికొస్తాయి. బయటి పక్కన మూడడుగుల కందకం తవ్వి, ఆ మట్టినే లోపలికి కట్టగా పోసి నాటితే దడి భారం తగ్గుతుంది.

కత్తెర పట్టాలంటే గుండె కావాలి

నాటిన ఏడాది లోపు, మొక్క మోకాలెత్తు దాటాక, దాన్ని జానెడుకు నరికేయాలి. ఇది చెప్పినప్పుడు రైతు మొహం చూడాలి. ఇంత కష్టపడి పెంచింది నరకడమా? కానీ కారణం మొక్క లోపలే ఉంది. కొనమొగ్గలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందికి ప్రవహిస్తూ పక్కమొగ్గలను నిద్రలో ఉంచుతుంది. కొన తెగితే ఆ అడ్డు తొలగి కింది మొగ్గలు మేల్కొంటాయి. ఒక్క కాండం స్థానంలో నాలుగైదు కొమ్మలు వస్తాయి, అవీ నేలకు దగ్గరగా. నరకకుండా వదిలిన మొక్క ఏపుగా చెట్టవుతుంది. పైన గొడుగు, కింద ఖాళీ. మేకపిల్ల ఆ ఖాళీలోంచే వస్తుంది. కింద ఒకసారి ఖాళీ పడితే తరువాత పూడ్చడం దాదాపు అసాధ్యం.

రెండో ఏడు మళ్లీ, ఈసారి తొడ ఎత్తుకు. ఆ తరువాత ఏటా వానల మొదట్లో ఒకసారి. కంచె కింద వెడల్పుగా, పైకి సన్నగా ఉండేలా కత్తిరించాలి. పైభాగం వెడల్పయితే దాని నీడకు కింది ఆకులు రాలిపోతాయి. ఇంగ్లండ్ రైతులు కాండాన్ని మొదట్లో ముప్పాతిక వంతు కోసి పక్కకు వంచి అల్లుతారు. తెగని కొద్దిపాటి బెరడు ద్వారా అది బతికే ఉంటుంది, కోసిన చోట కొత్త కొమ్మలు లేస్తాయి. వాక, రేగు కొమ్మలను అంతగా కోయకపోయినా లేతగా ఉన్నప్పుడు పక్క మొక్కలోకి అల్లితే సందులు తగ్గుతాయి.

గాలి విషయంలో మొక్కల కంచె గోడ కంటే మెరుగు. గోడను తాకిన గాలి పైకి ఎగిరి అవతల సుడి తిరుగుతూ పడుతుంది. కంచె సగం గాలిని లోపలికి వదులుతూ దాని వేగాన్ని తగ్గిస్తుంది. ఆ ప్రభావం కంచె ఎత్తుకు పది రెట్ల దూరం దాకా ఉంటుంది. మీటరున్నర కంచెకు 15 మీటర్లు. మార్చి, ఏప్రిల్ వడగాలుల్లో కూరగాయల మడికి ఆ 15 మీటర్లు తక్కువేమీ కాదు.

కంచె అన్నీ ఆపలేదు. కోతులు దాని మీది నుంచి వస్తాయి. ఉత్తర ఛత్తీస్‌గఢ్ ఏనుగులకు అది గడ్డిపరక. పొదల కింద ఎలుకలు కాపురం పెడతాయి, వాటి వెంట పాములూ ముంగిసలూ వస్తాయి. కంచె మొదట్లో గడ్డి పెరగనిస్తే అక్కడ కంపునల్లి దాక్కుని వరి పాలుపోసుకునే వేళకు పొలంలోకి దిగుతుంది. కాబట్టి గడ్డి తీయాలి. కంచె వేళ్లు పైరు సారం లాగకుండా, పొలం వైపు రెండు మూడడుగుల దూరంలో రెండేళ్లకోసారి లోతుగా నాగలి చాలు వేసి పక్కవేళ్లను తెంచాలి.

మూడో వేసవి గడిచాక ఎండు దడిని తీసేసి చూడాలి. సందులు అప్పుడే కనబడతాయి. కొత్త మొక్క ఆ నీడలో ఎదగదు కాబట్టి పక్క మొక్క కొమ్మను వంచి, మధ్యలో గాటు పెట్టి, మట్టి కప్పి రాయి పెడితే ఒక వానాకాలంలో అదే వేరు పట్టి సందును నింపుతుంది. దారి ఉన్న చోటికి మాత్రం మొక్క పనికిరాదు. ఎడ్లబండి, ట్రాక్టరు పోయేంత వెడల్పు వదిలి వెదురు తడిక కట్టుకోవాలి. ఊరి పశువులు కంచె మొత్తంలో మొదట కనిపెట్టేది ఆ తడికనే, అది కట్టని రాత్రినే.